గింజ రాలకుండా

రేపు కప్ప.
ఇవాళ మాత్రం తలా ఒక బజ్జీ మిరపకాయ తెచ్చుకోండన్నాను.
నవ్వారు.
గుంటూరు పిల్లల్ని మిరపకాయ అడగడం
చినగంజాంలో ఉప్పడగడమే.

మైనపు పళ్లేలు కొత్తవి. వాటిలో
మిరపకాయల్ని వెల్లకిలా పడుకోబెట్టాం.
తొడిమ కింద చిన్న గాటు,
అక్కణ్ణించి మొనదాకా ఒకటే గీత.
తోలే తెగాలి, లోపల గింజ రాలకూడదు.
కత్తికి బలం వద్దు, సిగ్గు కావాలి
అని మా మేష్టారు నాకు చెప్పిన మాట
నాదే అన్నట్టు చెప్పాను.

పెదనందిపాడు నుంచి బస్సులో వచ్చే శేషారత్నం
ఒక్క గింజ కదలకుండా తెరిచింది.
"మా అమ్మ వాము కూరేది ఇట్లాగే మేడం."
డాక్టరుగారబ్బాయి కాయ రెండు ముక్కలై
గింజలన్నీ నేలపాలు.
వాడు కళ్లనీళ్లు పెట్టుకుని
ఘాటండీ అన్నాడు.
ఘాటే.
ఈ ఊళ్లో ఏడుపుకి ఆ సౌకర్యం ఉంది.
యార్డు వైపు నుంచి గాలి మళ్లితే చాలు,
ఎవరి కళ్లనీ ఎవరూ ఏమీ అడగరు.

వెనక గదిలో దైవసహాయం
గోనెసంచి మీద నీళ్లు చిలకరిస్తున్నాడు.
రాత్రి నల్లమడ వాగు పక్కన టార్చిలైటు పెట్టి పట్టినవి.
పన్నెండు చాలన్నాం, పదమూడు తెచ్చారు.
సంచి ఉండుండి
నిద్రలో పక్కకి ఒత్తిగిలిన మనిషిలా కదులుతోంది.
నేను బోర్డు మీద గుండె గీశాను,
పైన రెండు గదులు, కింద ఒకటి.
ఎర్ర సుద్ద అయిపోతే తెల్లదాంతో పూర్తి చేశాను.

చెప్పాల్సినవన్నీ చెప్పాను.
మత్తు ఎక్కాక కాలి వేలు గిల్లి చూడాలి,
కదిలితే ఆగాలి.
గుండె ఆ తర్వాత కూడా కాసేపు కొట్టుకుంటుంది,
భయపడొద్దు, అది బతికున్నట్టు కాదు.
అది బతికున్నట్టు కాదు, అని
రెండోసారి ఎందుకన్నానో తెలీదు.
టిఫిను తినేసి రండి, ఖాళీ కడుపుకి కళ్లు తిరుగుతాయి.
గోళ్లు తీసుకోండి. జడలు పైకి కట్టుకోండి.
కాళ్లు పట్టుకుని ఎవరి మీదికీ విసరొద్దు.
పోయినేడు విసిరినవాడి రికార్డు మీద
మార్చి దాకా సంతకం పెట్టలేదు నేను.
చూడలేనివాళ్లు చూడలేమని చెప్పండి,
మార్కులు పోతే పోయాయి.
ఇంటికెళ్లి తలస్నానం చేస్తారా, చెయ్యండి.
నా మొదటి కప్ప రోజు నేను చేశాను.
దొడ్లో తడిబట్టలతో నిలబడ్డ నన్ను చూసి అమ్మ
"ఎవరు పోయారే?" అంది.

అప్పుడు లేచాడు నాగుల్ మీరా.
ఆఖరు బల్ల. పేరు పిలిస్తే తప్ప నోరు విప్పడు.
వాళ్ల నాన్నకి ఏటుకూరు రోడ్డులో మాంసం కొట్టు.
వాడి మిరపకాయ పళ్లెంలో
పుస్తకంలా తెరుచుకుని ఉంది.
"కత్తి పెట్టే ముందు మా నాన్న దేవుడి పేరు చెప్తాడు మేడం.
ఇక్కడ ఎవరి పేరు చెప్పాలి?"

క్లాసు నవ్వలేదు.
నవ్వి ఉంటే నాకు కాస్త వ్యవధి దొరికేది.
ఇరవై రెండేళ్ల సర్వీసులో
జవాబు కోసం కిటికీ వైపు చూసింది అప్పుడే.
"రానా టైగ్రినా," అన్నాను.
"దాని పేరు. దాని పేరే చెప్పు."
వాడు తలూపి
రికార్డు అట్ట లోపలి వైపు
పెన్సిలుతో రాసుకున్నాడు, తెలుగులో.
అది జవాబు కాదని నాకు తెలుసు.
వాడికీ తెలుసనుకుంటా.
పెద్దవాళ్ల మాట తీసెయ్యకూడదని కూర్చున్నాడు.

సాయంత్రం తాళాలేసే ముందు
దైవసహాయం మిరపకాయలన్నీ ఏరి
పేపర్లో పొట్లం కట్టాడు.
"శనగపిండి ఉంది ఇంట్లో, పారేస్తే పాపం."
తర్వాత సంచి వైపు చూశాడు.
"ఒకటి ఎక్కువుంది మేడం."
"పోతూ పోతూ ఏ కాలవలోనో వదిలెయ్," అన్నాను.

మూతి విప్పాడు.
మోచేతి దాకా చెయ్యి లోపల పెట్టి
ఆగిపోయాడు.
"ఏది మేడం, ఎక్కువైంది?"