బరువు కోసం

మా మరిది బెల్మీరో తల
సరిగ్గా సగం అయింది.
ఎడమ చెవి మీద కోసిన చేను,
కుడివైపు ఇంకా నిన్నటి మనిషే.
అప్పుడు చేతిలో క్లిప్పర్
గొంతులో ముల్లు పడ్డ పిల్లిలా
ఒక దగ్గు దగ్గి
ఊరుకుంది.

పదకొండింటికి చర్చిలో చెల్లెలి మనవడికి బాప్టిజం.
గడియారం పదిన్నర దాటుతోంది.
జ్ఞానతండ్రి ఈ సగం తలవాడే.

రాత్రంతా కరెంటు తాగింది కదా!
పొద్దున పచ్చ దీపం వెలిగించి
మూతి తుడుచుకుని లేచిన చుట్టంలా
కడుపు నిండిందని మరీ చెప్పింది.
డబ్బా మీద తొంభై నిమిషాలని రాశారు.
అందులో తొమ్మిదిని వాళ్లు ఉంచుకుని
సున్నా నాకిచ్చారు.

"తీగ తగిలించి కానివ్వు, కుస్తోదియా"
అన్నాడు అద్దంలోంచి.
తీగ తగిలిస్తే ఇది తిరగదయ్యా.
తినేటప్పుడు పనిచెయ్యదు,
పనిచేసేటప్పుడు తినదు,
ఇప్పుడు రెండూ మానేసింది.

ఇంకేమైనా దొరుకుతుందేమోనని సొరుగు లాగాను.
సొరుగు కాదది, ఆసుపత్రి వరండా.
పాలు నురగ కొట్టే పుల్లకి రెండు కాఫీలకే నీరసం.
చేతి వాక్యూమ్ రొట్టె పొడిని పీల్చదు,
ఓదారుస్తుంది.
టార్చి, నిరుడు కరెంటు పోయిన రాత్రే
దానికి తోడుగా తానూ పోయింది.
ఇన్నిటికీ కలిపి పద్నాలుగు తీగలు.
ఏ తీగ మూతీ దేనికీ పట్టదు.

చివరికి మా నాయనమ్మ కత్తెరతో కానిచ్చాను.
ఆమె వలలు కత్తిరించిన కత్తెర.
దీనికి ఛార్జింగ్ ఎక్కడ పెట్టాలని
ఆమెను ఎవరూ అడిగి ఉండరు.

చర్చిలో టోపీ తీయమన్నారు.
తీశాడు.
ఆ పూట ఏడవనిది పసివాడొక్కడే.
మిగతా అందరికీ నవ్వాపుకోలేక
కళ్లనీళ్లు.

సాయంత్రం వంటింటి బల్ల మీద
దాన్ని వెల్లకిలా పడుకోబెట్టాను.
ఉన్నది ఒక్కటే మర, దాని తల మూడు మూలలు,
ఏ ఇంట్లోనూ దొరకని తాళంచెవి కావాలి దానికి.
మిగతా అంతా జిగురు.
తెరవకూడదని అతికించారు, సరే.
బతకకూడదని కూడానా?

గుల్లలు విప్పే కత్తి దూర్చి
మణికట్టు తిప్పాను.
నోరు తెరిచింది.
చిటికెన వేలంత బ్యాటరీ, పొట్ట ఉబ్బి.
గోలీకాయంత మోటారు.
ఇక మిగిలిన చోటంతా
నల్లటి ఇనుప దిమ్మ.

ఏ తీగా దాని దాకా రాదు.
ఏ చక్రమూ దాన్ని ముట్టుకోదు.
అటు తిప్పాను, ఇటు తిప్పాను,
కళ్లజోడు పెట్టుకుని చూశాను.
కాఫీ చల్లారిపోయాక అర్థమైంది.

బరువు కోసం.

కొట్లో చేతిలోకి తీసుకున్నప్పుడు
"గట్టి సరుకే" అని
నా అరచెయ్యి నాకు చెప్పడానికి
లోపల కూర్చోబెట్టిన దొంగసాక్షి.

ఓల్యావ్ చేపల బజారులో
ముప్పై ఏళ్లు తూచిన చెయ్యి ఇది.
కడుపులో గులకరాళ్లు కుక్కి తెచ్చిన చేపని
తోక పట్టి ఎత్తి, పడవవాడి మొహాన
తిరగ్గొట్టిన చెయ్యి.
ఈ చేపని మాత్రం
కాగితంలో చుట్టించుకుని,
ముప్పై నాలుగు యూరోలు లెక్కపెట్టి,
థాంక్స్ కూడా చెప్పి
ఇంటికి తెచ్చుకుంది.

కోపం రావాలి. వచ్చింది.
కానీ ఆ వయసు కోపం నాకిప్పుడు
ఎక్కువసేపు నిలవదు,
దాని బ్యాటరీ లాగే.

తెల్లారి బెల్మీరో వచ్చాడు,
మెట్లు మెట్లుగా ఉన్న తలతో.
దిమ్మని గేలపు దారానికి కట్టి
గట్టు మీంచి విసిరాడు.
తిన్నగా వెళ్లింది.
అడుగు పట్టుకుంది.
అలలు లాగినా కదల్లేదు.
గ్యారంటీ కాగితం లేదు దానికి.

మధ్యాహ్నానికి ఒక చేప పడింది.
చిన్నదే.
తూచలేదు.