ఒకే ఒక్క అనగా

రెండో అధ్యాయం నాకిచ్చారు.
నిర్వచనాలు. తెలుగులో, శుక్రవారం లోపు.
"అందరికీ అర్థమయ్యేట్టు రాయమ్మా" అన్నారు సూపరింటెండెంటు గారు.
"అర్థం మారకుండా" అని వెంటనే అన్నారు.

గుంటూరు మే నెల.
ఫ్యాను గాలికి కాగితాలు లేచిపోకుండా
విరిగిన సర్వే రాయి ముక్కొకటి బరువు పెట్టుకున్నాను.

"ప్లాటు అనగా
ఆమోదిత ప్లానులో సంఖ్య ఇవ్వబడి
నాలుగు హద్దులు గల భూభాగము."
నాలుగని రాశాను గానీ
ఏసుపాదం ప్లాటుకి మూడే.
నాలుగో వైపు ఎవరిదో ఇంకా కోర్టులో ఉంది.
రెండున్నర సెంట్లు, నూట ఇరవయ్యొక్క గజాలు.
ఆటో కిస్తీ, ప్లాటు కిస్తీ ఒకే తారీఖున కట్టాడు.
ఆదివారం ప్రార్థన అయ్యాక
భార్యని తీసుకెళ్లి, పిచ్చిమొక్కల్లో నిలబెట్టి
ఇది వంటిల్లు, ఇక్కడ మంచం అని చూపిస్తాడట.
"అనధికార విభజన అనగా" దగ్గరికొచ్చేసరికి
ఆ వంటిల్లూ ఆ మంచమూ
ఒక్క వాక్యంలో ఇమిడిపోయాయి.

"హద్దురాయి అనగా..."
పొడవు, లోతు, చెక్కాల్సిన గుర్తు.
చెయిన్‌మాన్ సైదా నవ్వాడు.
ముప్పయ్యేళ్లు గొలుసు లాగిన మనిషి.
"నల్లరేగడమ్మా ఇది.
ఎండకి నోరు తెరుస్తుంది, వానకి మూస్తుంది.
ఆ మధ్యలో రాయిని నమిలి అంగుళమో రెండో జరుపుతుంది.
ఎవరూ కదపలేదని రెండు పక్షాలూ ఒట్టేస్తారు.
ఇద్దరూ నిజమే చెబుతారు."

"ఖాళీ స్థలము అనగా
ప్రజోపయోగార్థం విడిచిపెట్టబడినది."
విడిచిపెట్టబడినది.
ఎవరు విడిచారో ఆ క్రియలో కనబడదు,
మళ్లీ ఎవరు పట్టుకున్నారో అసలే కనబడదు.
మా వీధి చివర పార్కు ప్లానులో పచ్చరంగు.
నేల మీద ఇసుక గుట్ట, కంకర మిషను.

రోడ్డు దగ్గర ఆగిపోయాను.
"రోడ్డు అనగా నలభై అడుగులకు తగ్గని..."

పలకలూరు రోడ్డు దిగితే
మిరప కల్లాల పక్కనుంచి ఒక పుంత ఉంది.
రెండు బండిచాళ్లు, నడుమ గరిక.
పేట నుంచి శ్మశానానికి అదే.
కొలిస్తే తొమ్మిదడుగులు,
పాడె మోసేవాళ్లు ఇద్దరిద్దరు పట్టేంత.
కొత్త ప్లానులో దాని మీద
నలభై మూడు నుంచి నలభై తొమ్మిది దాకా నంబర్లు పడుకున్నాయి.

సామ్రాజ్యమ్మ ఆఫీసుకొచ్చింది.
పేరు అది. పేరు మీద సెంటు లేదు.
"మా ఆయన్ని అటే తీసుకెళ్లాం.
నన్నెటు తీసుకెళతారో రాసివ్వమ్మా" అంది.
రసీదుకి విషయం కావాలి.
"దారి గురించి" అని రాశాను.

ఆ రాత్రి పిల్ల కథ చెప్పమంది.
అనగా అనగా...
అంతే, నోరు అక్కడ పట్టేసింది.
రెండుంటే కథ.
ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు అందులో.
ఒక్కటే ఉంటే చట్టం.
ఆ రెండోదాన్ని ఎవరు దున్నేశారో,
ఏ సర్వే నంబరులో కలిపేసుకున్నారో!

శుక్రవారం పొద్దున్నే చేర్చాను:
"దారి అనగా, వెడల్పుతో నిమిత్తం లేకుండా,
మనుషులు నడిచినందువల్ల ఏర్పడినది."

సూపరింటెండెంటు గారు రెండుసార్లు చదివారు.
చెడ్డ మనిషి కాదు.
"నడిచారనడానికి రుజువేదమ్మా?"
ఎర్ర పెన్ను, ఒక్క గీత,
స్కేలు పెట్టినంత తిన్నగా.

ఫెయిర్ కాపీ కొట్టాను. వరస సంఖ్యలు సవరించాను.
అక్షరక్రమంలో
తనఖాకీ నివాసానికీ మధ్య ఉండేది దారి.
ఇప్పుడు తనఖా పక్కనే
నివాసం వచ్చి ఆనుకుని కూర్చుంది.

గుమ్మం దగ్గర సైదా
చెప్పు విప్పి తిరగేసి
అడుగున గుచ్చుకున్న పల్లేరుకాయలు పీకుతున్నాడు.
"పుంతలోంచి వచ్చానమ్మా" అన్నాడు,
"అటైతే దగ్గర."