పరగడుపు

తలుపు మీది గంట కంటే ముందు
దగ్గు వినిపించింది. ఎల్గుజా.
నలభై ఏళ్ళుగా కుతాయిసీలో విందులకు పెద్ద.
పోయినవాళ్ళ పేర్లు తడుముకోకుండా చెప్పి
బల్ల చుట్టూ అందరిచేతా గ్లాసు ఎత్తించేవాడు.
ఇవాళ ఆ గొంతు
వానలో వదిలేసిన డోలు.

"ఎతేరీ, ఇక్కడ," అని రొమ్ము మధ్య పిడికిలి ఆనించాడు.
"ఎవరో కూర్చుని బొగ్గులు రాజేస్తున్నారు.
పడుకుంటే పైకి పాకుతుంది, పులుపూ చేదూ కలిసి.
మా ఆవిడ మంచం తలాపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టింది.
రాత్రంతా కాళ్ళవైపు జారిపోతున్నాను,
మంచు మీద గాడిదలా."

నేను నవ్వలేదు.
"ఏం తాగావు?"
"బోర్జోమీ నీళ్ళు."
"దానికి ముందు?"
కిటికీలోంచి రియోనీ నది వైపు చూశాడు,
జవాబు అక్కడెక్కడో కొట్టుకుపోతున్నట్టు.

అరలోంచి మూడు పెట్టెలు దించాను.
"వీటిలో పెద్దది ఏది?"
ఏ గ్లాసు ఎవరి పేర ముందు ఎత్తాలో
తేల్చడం అలవాటైన మనిషి మరి.

"పెద్దా చిన్నా లేదు. ఎప్పుడు, ఎందుకు అని ఉంది.
ఈ సుద్దబిళ్ళ నమిలితే నిమిషాల్లో
మంట మీద బూడిద చల్లుతుంది.
గంట తిరక్కుండా వెళ్ళిపోతుంది,
మీ విందుకొచ్చే మునిసిపాలిటీ ఆయనలా,
కోటు కూడా విప్పకుండా.

ఇది ఫామోటిడిన్.
దారికే అరగంటో గంటో పడుతుంది,
వచ్చాక తెల్లవార్లూ కాపలా ఉంటుంది.
రోజూ పిలిచావో, రెండు వారాలకి
కావలివాడికే కునుకు.

ఇదిగో, ఒమెప్రజోల్. దీనికి తొందర తెలీదు.
పొద్దున్నే, పరగడుపున, రొట్టె ముట్టడానికి అరగంట ముందు.
మొదటి రోజు ఏమీ కాదు, నన్ను తిట్టుకుంటావు.
మూడో రోజో నాలుగో రోజో చూస్తే
లోపలి కుళాయిలు ఒక్కొక్కటే కట్టేసుకుంటూ వస్తుంటుంది.
అన్నీ కాదు. చాలామటుకు.
నెలల తరబడి వాడి ఒక్కసారిగా మానేస్తే మాత్రం
ఆగినదంతా వడ్డీతో తిరిగొస్తుంది."

"అయితే అదే ఇవ్వు. శనివారం గోచా కూతురి పెళ్ళి.
ఇరవై ఆరు గ్లాసులున్నాయి నా నెత్తిన."

పెట్టె అందుకోడానికి ముందుకు వంగాడు.
అప్పుడు చూశాను, బెల్టుకి కొత్త బెజ్జం,
మేకుతో పొడిచింది, వంకరగా.

"తిండి దిగుతోందా?"
"దిగుతుంది."
"రొట్టె?"

ఫ్రిజ్ ఒకసారి గుర్రుమని ఆగింది.
"నానబెట్టుకుంటున్నాను," అన్నాడు,
"ద్రాక్షలు కోసినప్పట్నుంచీ."

ఇది ఫిబ్రవరి.

పెట్టె నా వైపు లాక్కున్నాను.
మంట ఆర్పేవి ఉన్నాయి నా దగ్గర, మూడు ధరల్లో.
దీపం పట్టుకుని లోపలికి దిగి చూసేది
ఈ అరల్లో లేదు.

రసీదు వెనక డాక్టరమ్మ పేరు రాశాను.
ఉదయం తొమ్మిది, రెండో అంతస్తు, ఏమీ తినకుండా.
"కెమెరా మింగమంటారా?"
"మింగమంటారు."
"మింగే ముందు నాలుగు మాటలు మాట్లాడనిస్తారా?"
"నువ్వు మొదలుపెడితే మధ్యాహ్నం అవుతుంది."
ఈసారి ఇద్దరం నవ్వాం, అతను దగ్గుతో ముగించాడు.

ఈ రాత్రికని రెండు సుద్దబిళ్ళలు కాగితంలో చుట్టిచ్చాను.
డబ్బు వద్దంటే ఒప్పుకోలేదు.
జేబులు తడిమి, చిల్లర దొరక్క,
చుర్చ్‌ఖేలా ఒకటి తీసి బల్ల మీద పెట్టి వెళ్ళాడు.

పై కొన ఒక్క పంటి మేర కొరికి ఉంది.
మిగతా వాల్‌నట్‌లన్నీ
దారానికి అలాగే ఉన్నాయి.