వెయ్యో వంతు

పావురాన్ని కొనేవాడు రెక్క చూడడు, కన్ను చూస్తాడు.
కనుపాప చుట్టూ వలయం, దాని రంగు,
ఆ రంగులోని గరుకు.
బార్సిలోనాలో వదిలినా ఇల్లు చేరే దారి
అందులోనే రాసి ఉంటుందని హిలైర్ నమ్మకం.
అందుకే ఈ కెమెరా. కొత్తగా నేర్చుకునేవాళ్ళదట,
కోర్ట్రైక్ సంతలో నూట అరవై యూరోలు, పట్టీ తెగి ఉంది.

అటక మీద గూళ్ళ మధ్య స్టూలు వేసుకుని
అతను పక్షిని పట్టుకుంటాడు, నేను నొక్కుతాను.
ముక్కు చక్కగా వస్తుంది. మెడ మీద ఈక, అదీ వస్తుంది.
కన్ను మాత్రం
నీళ్ళలో పడ్డ సిరాచుక్క.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు
మొదట లెన్సును తిట్టాను. చీరగుడ్డతో కాదు,
కళ్ళజోడు గుడ్డతో తుడిచాను, పదిసార్లు.
మందుల షాపులో పనిచేసే ఆన్‌లీస్ వచ్చి నవ్వింది:
"తొమ్మిది చుక్కలూ దాని ఇష్టానికి వదిలేస్తే
దగ్గరున్న ముక్కునే పట్టుకుంటుంది.
మధ్యచుక్క ఒక్కటే ఉంచు, కంటి మీద పెట్టు.
సగం నొక్కు, కీచుమనే దాకా ఆగు.
మోచేతులు పక్కటెముకలకు. ఊపిరి సగం వదిలాక, అప్పుడు."

అన్నీ చేశాను.
ఈసారి ఒక కన్ను మీద ఇంకో కన్ను.
"పక్షి గుండె అదురుతోంది," అన్నాడు హిలైర్, "భయపడుతోంది పాపం."

రాత్రి వంటింట్లో, అతను పడుకున్నాక,
రొట్టెను బల్ల మీద పెట్టి తీశాను. చేత్తోనే.
పైన అంటుకున్న గసగసాలు
లెక్కపెట్టుకోవచ్చు.

అంటే లెన్సు కాదు. నేనూ కాదు.

నాలుగు నెలలుగా కాఫీ సాసరు చప్పుడు చేస్తోంది.
బల్లకాలు కురచ అని
అట్టముక్క మడిచి కింద దోపాడు.
నేనూ వంగి చూసి, అవును, కురచే అన్నాను.

తెల్లారి అటక మీద అతని బొటనవేలు చూశాను,
పక్షి రొమ్ము కింద.
ఏమీ అనలేదు. చక్రం తిప్పాను:
రెండువందల యాభయ్యో వంతు, ఐదువందలు, వెయ్యి.
తెర చీకటైపోయింది. లెన్సు పూర్తిగా తెరిచాను,
ఐఎస్ఓ పదహారువందలు, ఇసక చల్లినట్టు చుక్కలు పడితే పడనీ.
పైకప్పు కిటికీ కర్రతో ఎత్తి నిలబెట్టాను,
లోపలికి చలి, వెలుగు, లేయి నది బురదవాసన.
నొక్కాను.

కన్ను వచ్చింది.
ఎర్ర దారాలు, పసుపు అంచు, గరుకంతా.
నల్లటి పాప నడుమ గోరంత కిటికీ,
కిటికీలో ఒక కన్ను మూసుకున్న ముసలిది, నేనే.
ఫొటో అడుగుమూల అతని బొటనవేలు,
చీలిన గోరుతో సహా,
రాయిలా కదలకుండా.

కళ్ళజోడు నుదుటికెత్తి చాలాసేపు చూశాడు.
"బాగైందా కెమెరా?"
"ఒక మీట వదులైంది, బిగించాను."

కిందికి దిగబోయాడు.
కూర్చో, ఇంకా పన్నెండున్నాయి అన్నాను,
ఆ నీలం పెట్టను పట్టుకో.
అతను గూటివైపు తిరగగానే
చక్రాన్ని ఇంకో మెట్టు పైకి జరిపాను.