మిరప విత్తుకు మన్ను

హాలిఫాక్స్‌లో ఫిబ్రవరి చివర.
క్లిఫర్డ్ షెడ్డులో నాలుగు బస్తాలు
మూతులు విప్పుకుని కూర్చున్నాయి.

మొదటిది నల్లగా, నూనె పట్టించినట్టు.
"పీట్. పాత సరుకు. మళ్ళీ దొరకదు."
కిటికీ అవతల బీడుకొండ,
తోలు ఒలిచిన చోట అదే నలుపు.
వేల ఏళ్ళు పేరుకున్నదాన్ని
ఆరు వారాల నారుకి ఖర్చు పెట్టనా?
చెయ్యి వెనక్కి తీసుకుని ప్యాంటుకి తుడుచుకున్నాను.

రెండోది మాగిన గుర్రపు పెంట.
మహా బలం. ఆ బలమే చేటన్నాడు.
నిజమే, పురిటి బిడ్డకి ఆవకాయ అన్నమా?
గింజ తన సద్ది
తనే మూటగట్టుకుని వస్తుంది.

మూడోది కొబ్బరి పొట్టు, ఇటుకంత.
సారం లేదు, పొగరూ లేదు.
నీళ్ళు పోస్తే మాత్రం
ఎవరో పొగిడినట్టు ఉబ్బింది.
గుప్పిట నొక్కాను, ముద్దయింది.
వేలితో పొడిచాను, విడిపోయింది.
సున్నుండకీ ఇదే పరీక్ష.

నాలుగో బస్తాలో పిల్లి పడుకుంది.
దాని సంగతి అడగలేదు.

ఇవాళ్టికి పదకొండో రోజు.
రేడియేటర్ మీద ట్రే, మూత నిండా చెమట.
ఏమీ లేదు.
ఏమీ లేని ఆ మన్ను
ఒక్కచోట మాత్రం
కొంచెం పైకి లేచినట్టుంది.
కళ్ళజోడు తెచ్చుకోవాలి.