గోరుకు తగిలేది

షేర్ ఆటో దించిన గోనెసంచిలోంచి
ముందు నీచు వాసన, వెనకే కిరసనాయిలు,
ఆ తర్వాత మోటారు.
పాకల నుంచి తిరుపాలమ్మ తెచ్చింది.
నాలుగు హార్సు పవరు, ఒకటే సిలిండరు,
పుట్టినప్పటి రంగేదో దానికే గుర్తులేదు.
తాడు లాగితే
బిగిసిన దవడలా కదల్లేదు.

"తెప్ప ఇసకలో పండుకోనుండాది.
మా ఆయన ఇంకొకరి వలకి కూలికి బోతుండాడు.
ఎట్టయినా లేపు కాలేషా."

హెడ్డు బోల్టులు ఆరు.
ఉప్పు వాటికీ మోటారుకీ మేనరికం కలిపేసింది.
నాలుగు, రాత్రంతా డీజిల్లో నాని ఒప్పుకున్నాయి.
ఒకటి మంటకి లొంగింది.
ఆరోది విరిగింది, తల నా చేతికి, మొండెం దానికి.
డ్రిల్లుతో తవ్వి తీసేసరికి
సింగరాయకొండ స్టేషన్లో రెండు పాసింజర్లు వెళ్ళిపోయాయి.

పిస్టను తట్టి బయటికి లాగితే
రింగులు ముక్కలు.
మాడిన గిన్నెకి అన్నంలా
కరిగిన అల్యూమినియం గోడకి అంటుకుపోయింది.
టార్చి వేశాను. నిలువునా ఓ గీత.
మా ఉస్తాద్ నేర్పింది ఒకటే:
కన్నుని నమ్మొద్దు, గోరు పెట్టు.
గోరు జారితే రాయి తిప్పి నునుపు చెయ్యి.
గోరు ఆగితే డబ్బు సంగతి మాట్లాడు.

ఆగింది.

తిరుపాలమ్మ కూడా వేలు పెట్టింది.
రొయ్య తలలు తుంచి తుంచి అరిగిపోయిన గోరు,
అయినా ఆగింది.
చాలాసేపు వేలు తియ్యలేదు.
"ఆయిలు నేనే తగ్గించినా," అనింది.
"లీటరుకి పోసేదాంట్లో సగం. చీటీ కట్టాల్సిన వారం.
ఆయనకి తెలవదు. ఉప్పు తినేసిందనుకుంటుండాడు."

వెర్నియరు తుడుస్తూ నిలబడ్డాను.
నీళ్ళు తిరిగే దారి ఉప్పుతో పూడిపోయిన మాటా నిజమే.
ఎంత ఉప్పుది, ఎంత ఆయిలుది,
థౌల్లో కొలిచే పనిముట్టు నా దగ్గర లేదు.
"రెండూనమ్మా," అన్నాను.

ఆ పిస్టను ఒంగోల్లో లేదు, చెన్నైలో లేదు,
చేసిన కంపెనీయే మర్చిపోయింది.
పిన్ను కొలత కలిసిన మోపెడ్ పిస్టను ఒకటి దొరికింది.
గీత మొత్తం పొట్టుగా రాలేదాకా
సిలిండర్ని లేతు మీద తొలిచాను.
పాత పంపుసెట్టు లైనరు చెక్కి స్లీవు చేశాను,
పొగ పోయే కిటికీలు కోసి ఆకురాయితో సరిదిద్దాను.
ఏ వైపు దేనికి కలవాలో తెలియడానికి
పైఅంచున ఒక గీత గీశాను.
ఈ గీత నాది.

కన్నం కంటే స్లీవు మూడు థౌ లావు.
సుత్తితో దిగదు, దిగకూడదు.
వేడిది వెడల్పవ్వాలి, చల్లనిది సన్నబడాలి.
కానాగంతల పెట్టెలో ఐసు కింద స్లీవుని పూడ్చాం.
"ఉప్పేస్తే ఇంకా కొరుకుద్ది,"
తిరుపాలమ్మే గుప్పెడు కల్లుప్పు చల్లింది.
సిలిండరు వెళ్ళి మాల్యాద్రి బేకరీలో
సాయంత్రపు బన్నులు దించిన పొయ్యిలో కూర్చుంది.
"వాసనొస్తే నీదే పూచీ," అన్నాడతను.

గంట తర్వాత
గోనెపట్టాతో బయటికి తీశాను.
మూడు అంకెలు లెక్కపెట్టేంత సమయం.
సగంలో పట్టుకుంటే ఇక ఎవరు చెప్పినా వినదు.
గీత గీత మీదికి తెచ్చి
వదిలాను.

టక్.

పిండి చేతులతో మాల్యాద్రి,
ఉప్పు చేతులతో ఆమె,
ఊపిరి ఎప్పుడు బిగబట్టామో మాకే తెలీదు.

నీలం డ్రమ్ములో నీళ్ళు పోసి బిగించాం.
మొదటి పది గంటలు ఆయిలు ఎక్కువ పొయ్యాలన్నాను.
మూత మూతా పైకి లెక్కపెడుతూ పోసింది,
చివర ఇంకో మూత, లెక్కపెట్టకుండా.
తొమ్మిదో లాగుడికి దగ్గింది,
పదకొండుకి పట్టుకుంది.
షాపంతా తెల్లపొగ.
పొగలో ఆమె ఏమందో నాకు వినపడలేదు,
మళ్ళీ అడగలేదు.

సగం డబ్బులిచ్చింది. మిగతావి చీటీ పాడినాక.

మాల్యాద్రి బన్నులు రెండ్రోజులు నీచు వాసనేశాయి.
అడిగినవాళ్ళకి
తూర్పు గాలి అని చెప్పాడట.