మాయ పడ్డాక

డండీలో ఫిబ్రవరి. మధ్యాహ్నం నాలుగింటికే
టే నది వంతెన మీద దీపాలు.
నా బల్ల మీద తెల్ల ప్లాస్టిక్ బకెట్,
మూత మీద పేరు: ఐలీ మెకాండ్రూ.
ముప్పై నాలుగు వారాలు.
బిడ్డ పేరు గడి ఖాళీగా లేదు.
రోరీ అని ఉంది.

కాగితం అడుగున మిడ్‌వైఫ్ పెన్సిలు రాత:
"తల్లి అడుగుతోంది, ముందురోజు
పుస్తకాల పెట్టె ఎత్తాను, దానివల్లేనా అని."

కళ్ళు చెమరిస్తే
ఫార్మలిన్ మీదికి తోసెయ్యొచ్చు.
ఈ ఉద్యోగంలో అదొక్కటే సౌకర్యం.

మా భాషలో దీన్ని మాయ అంటాం.
లేనిది ఉన్నట్టు కనబడటాన్నీ అదే మాటంటామని
ఫెర్గస్‌కి ఒకసారి చెప్పాను.
త్రాసు చూస్తూ అన్నాడు:
"ఇది ఉంది. రెండువందల నలభై గ్రాములు."
ఉండాల్సినదానికి సగం, మరి కాస్త.

చిన్నప్పుడు గేదె ఈనితే
మాయ పడేదాకా మా చిన్నాన్న నిద్రపోయేవాడు కాదు.
కర్రతో కుక్కల్ని అదిలిస్తూ,
గేదే తినెయ్యకుండా కళ్ళప్పగించి.
దూడని చూసేవాళ్ళు ఇంటినిండా ఉండేవారు.
మాయని చూసేది ఆయనొక్కడే.

నా చేతిలో కర్ర లేదు, పొడుగాటి కత్తి ఉంది.

బొడ్డుతాడు నడిమధ్యన లేదు.
జారిపోయేవాడు గట్టు పట్టుకున్నట్టు
అంచుని కరుచుకుని ఉంది.
రొట్టె కోసినట్టు కోస్తాను,
చిటికెనవేలంత మందాన.
మెత్తగా స్పంజిలా ఉండాల్సిన చోట
గట్టి ముద్దలు. ఒకటి. పక్కనే ఇంకోటి.
ఏడు దాకా లెక్కపెట్టాను.
రెండు ఎర్రనివి, కొత్తవి.
తక్కినవి తెల్లబడ్డాయి. వారాల కిందటివి.

కత్తి అక్కడ ఆగింది.
పెట్టె ఎత్తింది మంగళవారం.

రెండురోజులాగి, మైక్రోస్కోప్ కింద
గులాబీ, ఊదా.
తల్లి నెత్తురు రావాల్సిన దారులు
వెడల్పు కావాల్సినవి కాలేదు,
గోడల్లో నురుగులాంటి కొవ్వు.
బీపీ పట్టీకి అంకె దొరక్కముందే
ఇక్కడ రాసి ఉంది.
మాయలోని సన్నని వేళ్ళన్నీ ముందే ముదిరాయి,
కరువులో పిల్లలు తొందరగా
పెద్దవాళ్ళయినట్టు.

ఉన్నదాంతోనే ముప్పై నాలుగు వారాలు
లాక్కొచ్చాడు రోరీ.
ఇది రిపోర్టులో రాయను. దానికి గడి లేదు.

రాసింది ఇది:
తల్లివైపు రక్తనాళాల లోపం.
ప్రీఎక్లాంప్సియాతో సరిపోతుంది.
మళ్ళీ గర్భం వస్తే పన్నెండో వారం నుంచి ఆస్పిరిన్,
దగ్గరదగ్గరగా స్కాన్లు.
మూడుసార్లు చదువుకున్నాను. అంతా సరిగ్గానే ఉంది.
ఎక్కడా పెట్టె లేదు.
ఆవిడ అడిగింది పెట్టె గురించి.

అడుగున ఒక వాక్యం చేర్చాను:
ఇది ఎన్నో వారాల ముందే మొదలైంది,
బరువెత్తడానికీ దీనికీ సంబంధం లేదు.

మా పెద్దడాక్టరు పెథిక్
ఆ వాక్యం మీద గీత గీశాడు,
"మన శైలి కాదు" అని.
గీత తీసేసి పంపాను.

సింకు దగ్గర ఫెర్గస్ బకెట్ కడుగుతున్నాడు.
మూత మీది పేరు ఊడిరావడం లేదు.
వేణ్ణీళ్ళు పోసి, గోటితో,
నెమ్మదిగా గీరుతున్నాడు.